పదడుగుల కూలింగ్ గ్లాసులు: సినిమా పిచ్చితో ఒక ఆరుబయటి శిల్పం కట్టే పద్ధతి, మొదటి గీత నుంచి విప్పే రోజు దాకా

నెల్లూరులో మేం పెట్టిన కూలింగ్ గ్లాసుల చుట్టూ తిరిగి చూసినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఇది గాలికి ఎట్లా నిలబడింది?" తర్వాత ఫోన్ చేసి, "మా కాలేజీలో కూడా ఇట్లాంటిది చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగినవాళ్ళు చాలామంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

కొలతలన్నీ ఈ ఒక్క వస్తువుకే ఇచ్చాను. మీరు ఆడియో క్యాసెట్ చేసుకున్నా, గోలీసోడా సీసా చేసుకున్నా క్రమం మాత్రం ఇదే.

## 1. ఏ వస్తువు చేయాలో తేల్చుకోవడం

నేను మూడు పరీక్షలు పెడతాను.

మొదటిది నీడ పరీక్ష. వస్తువు నీడను గోడ మీద పడనిచ్చి, పదేళ్ళ పిల్లాడికి చూపించండి. రెండు సెకన్లలో పేరు చెప్పాలి. క్యాసెట్ నీడ చూసి ఇప్పటి పిల్లలు "బిస్కెట్ ప్యాకెట్" అన్నారు. కూలింగ్ గ్లాసులకు ఆ ఇబ్బంది రాలేదు.

రెండోది, వస్తువు తనంతట తాను నిలబడాలి. విప్పి బల్ల మీద పెట్టిన కళ్ళజోడు ముందు రెండు అద్దాల కింది అంచుల మీద, వెనక రెండు కాడల చివర్ల మీద ఆగుతుంది. అంటే నాలుగు మూలలూ నేల మీదే ఉంటాయి. అదే సోడా సీసా అయితే నిటారుగా నిలబెట్టడానికే సగం ఖర్చు.

మూడోది నా సొంత పట్టింపు. హీరో ముఖం పెట్టకండి. ముఖం పెడితే అది కటౌట్ అవుతుంది, పాలాభిషేకం కూడా జరుగుతుంది. ఇంకో హీరో అభిమానులు వచ్చి "మా వాడిది ఏదీ?" అంటారు. పైగా అనుమతి లేకుండా ఒకరి ముఖం వాడుకున్న తలనొప్పి వేరే. ముఖం తీసేసి కళ్ళజోడు మాత్రం ఉంచితే, ఎవరి హీరోను వాళ్ళు తగిలించుకుంటారు. మా దగ్గర ఒక పెద్దాయన వచ్చి, "ఎవురిదబ్బయా ఈ అద్దాలు?" అని అడిగి, మేం నోరు తెరిచేలోపే తన కాలపు హీరో పేరు తనే చెప్పుకుని వెళ్ళాడు.

మామూలు వస్తువును పెద్దది చేసే పద్ధతి కొత్తదేమీ కాదు. క్లేస్ ఓల్డెన్‌బర్గ్ అనే శిల్పి 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 45 అడుగుల బట్టల క్లిప్పు నిలబెట్టాడు. అయితే ఆయన చేతిలో ఉన్నది ప్రత్యేకమైన ఉక్కు, మన చేతిలో ఉన్నది అంగుళం ఇనుప ట్యూబు. కాబట్టి పదడుగులు దాటకండి. దాటాలనుకుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

## 2. చోటు, నెల, అనుమతి

మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. మే నెలలో వడగాడ్పులు, నల్ల రంగు మీద చెయ్యి పెట్టలేం. సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి చివరి దాకా పెట్టుకోవడం మేలు.

చోటు విషయంలో అందరూ మైపాడు, కొత్తపట్నం బీచ్ అంటారు. ఫొటోకు బాగుంటుంది, నిజమే. కానీ ఉప్పుగాలికి వారంలోనే వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు మరకలు దిగుతాయి. ఇసుకలో ఒకవైపు కుంగుతుంది. పైగా అదే నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, రాత్రి లైట్లు వేస్తే తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుతురు వైపు పాకుతాయి. బీచ్ ఆలోచన వదిలేయండి. నెల్లూరు వీఆర్సీ మైదానం లాంటి గట్టి నేల గానీ, కాలేజీ ఆవరణ గానీ చాలు.

అనుమతి కాగితం మీద ఈ వివరాలు ఉంటే పని త్వరగా అవుతుంది:

- పొడవు, వెడల్పు, ఎత్తు, మొత్తం బరువు
- నేలలో గుంతలు తీస్తారా, తీయరా
- ఎన్ని రోజులు, ఏ తేదీన విప్పుతారు
- కరెంటు ఎక్కడి నుంచి
- రాత్రి కాపలా ఎవరు

కాలేజీ అయితే ప్రిన్సిపాల్, బయట అయితే నగరపాలక సంస్థ లేదా పంచాయతీ, జనం గుమిగూడే చోటైతే స్థానిక పోలీస్ స్టేషన్. మాట మీద ఒప్పుకున్నారని పని మొదలుపెట్టకండి. ఒకసారి మాకు నోటిమాటగా సరే అన్నచోట, తెచ్చి దించాక "ఎవరు చెప్పారు?" అన్నారు. రెండు రోజులు సామాను ఎండలోనే పడి ఉంది.

## 3. పెద్దది చేయడం: ముగ్గుతో

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫోన్‌లో బొమ్మ చూపించి వెల్డర్‌ను "ఇట్లా చెయ్యన్నా" అంటారు. ఆయన కంటిచూపుతో చేస్తాడు. ఒక అద్దం బొద్దుగా, ఇంకోటి కోలగా వస్తుంది.

నిజమైన కళ్ళజోడు ఒకటి తెచ్చుకోండి. దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని 22 రెట్లు చేస్తే 308 సెంటీమీటర్లు, అంటే పదడుగులు. అద్దం 6 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉంటే 132, 110 సెం.మీ. అవుతుంది. ఫ్రేము అంచు 4 మి.మీ. ఉంటే సుమారు 9 సెం.మీ. కాడలు మాత్రం లెక్క ప్రకారం పదడుగులు రావాలి. నేను ఎనిమిదికి కుదించాను. చూసినవాళ్ళెవరూ పట్టుకోలేదు.

ఇప్పుడు కళ్ళజోడును గ్రాఫు కాగితం మీద బోర్లించి చుట్టూ గీయండి. శుభ్రంగా ఊడ్చిన సిమెంటు నేల మీద దారం పట్టి, 22 సెం.మీ.కు ఒక చుక్క పెట్టండి, అచ్చం చుక్కల ముగ్గుకు పెట్టినట్టే. కాగితం మీద ఒక సెంటీమీటరు గడిలో గీత ఎట్లా పోతుందో, నేల మీద గడిలో అట్లాగే ముగ్గుపిండితో పోనివ్వండి. వంకర వస్తే చేత్తో చెరిపేసి మళ్ళీ వేయొచ్చు. మాకు ఈ పని చేసిపెట్టింది మా అత్తమ్మ. కాగితం ఒక్కసారి చూసి, రెండు అద్దాలూ గంటలోపే వేసేసింది. కొలిస్తే ఎడమకూ కుడికీ తేడా వేలెడు కూడా లేదు.

అట్లాంటి చెయ్యి లేనివాళ్ళు, ఒక అద్దం గీశాక రెండోదాన్ని విడిగా గీయకండి. మొదటిదాన్ని అట్టముక్కల మీదికి ఎత్తి, కోసి, తిరగేసి రెండో పక్క పెట్టండి. సరిపోయిందనిపిస్తే ముగ్గు మీద సుద్దముక్కతో గట్టిగా గీసుకోండి. వెల్డర్ బూటు కింద ముగ్గు నిలవదు.

## 4. ఎన్ని ముక్కలు? బండిని చూసి చెప్పండి

ముక్కల లెక్క వెల్డింగ్‌కు ముందే తేలాలి. టాటా ఏస్ తొట్టి దాదాపు ఏడడుగుల పొడవు, అయిదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. కాబట్టి:

- ముందు భాగం ముక్కు దగ్గర రెండు ముక్కలు, ఒక్కోటి అయిదడుగులు
- ఒక్కో కాడ రెండు ముక్కలు, ఒక్కోటి నాలుగడుగులు

మొత్తం ఆరు. మా మొదటి ప్రయత్నంలో ముందు భాగాన్ని పదడుగుల ఒకే ముక్కగా చేశాం. వర్క్‌షాపు గేటు తొమ్మిదడుగులు. పక్కకు వాల్చి బయటికి తెచ్చేసరికి చీకటి పడింది, అప్పుడు చూస్తే బండిలో పట్టలేదు. చివరికి నడిరోడ్డు మీద గ్రైండర్‌తో కోశాం. ఆ అతుకు చివరిదాకా కనపడుతూనే ఉంది.

ముక్కు దగ్గర 6 మి.మీ. ప్లేట్లు ఎదురెదురుగా పెట్టి నాలుగు 10 మి.మీ. బోల్టులు. కాడ ఫ్రేముకు కలిసేచోటా అంతే. కాడల మధ్య అతుకుకు 25 మి.మీ. ట్యూబులో 20 మి.మీ. ట్యూబు దూర్చి అడ్డంగా 8 మి.మీ. బోల్టు. మామూలు నట్లు వద్దు, లోపల నైలాన్ రింగు ఉండేవి కొనండి. గాలి అదురుకు మామూలువి వదులవుతాయి.

## 5. ఇనుప అస్థిపంజరం

సామాను:

- 25 మి.మీ. చదరపు ట్యూబు, 16 గేజి: 20 అడుగుల పొడుగువి ఎనిమిది. ఒక్కోటి సుమారు 7 కిలోలు
- 10 మి.మీ. కమ్మీ, వంపుల కోసం
- అంగుళం గడి వెల్డ్‌మెష్ (ఇనుప తీగల జాలీ), రెండు అద్దాలకు
- 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్లు
- రెడ్ ఆక్సైడ్ ప్రైమర్

ట్యూబును వంచబోతే నొక్కుకుపోతుంది. అందుకే తిన్నగా ఉండే భాగాలకు ట్యూబు, గుండ్రటి మూలలకు కమ్మీ. గీత వెంబడి నేలలో మేకులు కొట్టి వాటి చుట్టూ కమ్మీని తిప్పితే వంపు అచ్చంగా వస్తుంది. ఒక్కో అద్దానికి ఇట్లా రెండు చుట్లు చేసి, మధ్యలో 9 సెం.మీ. ఎడం ఉంచి, అడుగుకొక అడ్డముక్క వేయండి. కాడలకు మూడు ట్యూబులను త్రికోణంలా కట్టండి. పిల్లలు కాడ మీద కూర్చుంటారు, పెద్దలు కూడా కూర్చుంటారు. వద్దని బోర్డు పెట్టడం కంటే ఇద్దరి బరువు ఆపేలా కట్టడం తేలిక.

క్రమం ముఖ్యం. అన్ని అతుకులకూ ముందు చుక్క వెల్డింగ్ మాత్రమే. తర్వాత రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. సమానంగా ఉంటేనే పూర్తి వెల్డింగ్. అదీ ఒకే మూల నుంచి వరసగా కాకుండా, ఇక్కడొకటి, ఎదురుగా ఒకటి. వరసగా పోతే వేడికి ఫ్రేము గుంజుకుని, నేల మీద పెట్టినప్పుడు కుంటి బల్లలా ఊగుతుంది.

అద్దాలను నిట్టనిలువుగా కాక, పై అంచు కింది అంచు కంటే నాలుగంగుళాలు ముందుకు వాలేలా పెట్టండి. ఎందుకో 7లో చెబుతాను.

మచ్చలు, పొలుసులు గీకి ఆ రోజే ప్రైమర్ కొట్టండి. "రేపు కొడదాం సార్" అంటే ఒప్పుకోకండి, మన ఊళ్ళలో రాత్రి తేమకే ఎర్రబారుతుంది.

## 6. పై తొడుగు: థర్మాకోల్, ఫైబర్

ఫ్రేము అంచుకు నునుపైన లావు రావాలంటే కమ్మీల మధ్య థర్మాకోల్ నింపి, కోసి, పైన ఫైబర్ వేయాలి.

ఇక్కడ ఒక పెద్ద గుంట ఉంది, నేనూ పడ్డాను. ఫైబర్ షాపులో దొరికే మామూలు పాలియెస్టర్ రెజిన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. మూడు రోజులు కూర్చుని చెక్కిన అంచు మీద బ్రష్షు పెట్టిన నిమిషంలోనే చక్కెరపాకంలా లోపలికి దిగిపోయింది. తప్పు రెజిన్‌ది కాదు, అందులో ఉండే స్టైరీన్ గుణమే అది. థిన్నర్ కలిపిన స్ప్రే పెయింటు కూడా అంతే చేస్తుంది.

దీనికి మందు:

1. చెక్కిన థర్మాకోల్ మీద, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో పేపరు ముక్కలు మూడు పొరలు అంటించండి. గోరు పెట్టేంత సందు కూడా వదలకండి.
2. పూర్తిగా ఆరనివ్వండి, రెండు రోజులు. పైకి ఆరినట్టుండి లోపల తడి ఉంటే రెజిన్ గట్టిపడదు.
3. అదే పద్ధతిలో చేసిన చిన్న ముక్క మీద రెజిన్ పూసి గంట చూడండి. కుంగకపోతేనే అసలు దాని మీదికి వెళ్ళండి.
4. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఫైబర్ మ్యాట్ రెండు పొరలు. రోలరుతో గాలిబుడగలు తీస్తూ వేయండి.

ఎపాక్సీ రెజిన్ వాడితే ఈ కాగితం బాధ ఉండదు, ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది.

రెజిన్‌లో గట్టిపడే మందు కిలోకు 10 నుంచి 20 మి.లీ. ఎండ ఎక్కువుంటే 10 చాలు. కిలో అంతా ఒకేసారి కలపకండి, పావుకిలో చొప్పున కలుపుకోండి. మగ్గులోనే గడ్డకట్టి పొగ వస్తే ఆరుబయట పెట్టేసి దూరంగా రండి.

ఒక హెచ్చరిక: రెజిన్ కొనేటప్పుడే కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) కలిపి ఇమ్మనండి. కోబాల్టునూ గట్టిపడే మందునూ విడిగా తెచ్చుకుని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. మూసిన గదిలో చేయకండి.

గట్టిపడ్డాక లప్పం, తర్వాత 80, 180, 320 నంబరు గరుకు కాగితాలు. రంగు మాత్రం కార్లకు పెయింట్ వేసే షాపులో కొట్టించండి. గోడ పెయింటరు చేతిలో ఆ నిగారింపు రాదు.

## 7. అద్దాలు: పాత సీడీలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. ఒకప్పుడు ప్రతి ఇంట్లో డజన్లకొద్దీ ఉన్న సీడీలు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు. పెళ్ళి వీడియోలు, ఆస్పత్రి స్కాన్ సీడీలు కూడా కలిసి వస్తాయి. అవి వేరు చేసి వెనక్కి ఇచ్చేయండి.

లెక్క: సీడీ అడ్డుకొలత 12 సెం.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా 8 సెం.మీ. ఎడంతో వేస్తే ఒక అద్దానికి 180 దాకా పడతాయి. రెండింటికీ 360, పగిలేవాటితో కలిపి 400 పోగుచేయండి.

సీడీకి డ్రిల్లు పెడితే పగుళ్ళు వస్తాయి. జిగురు పెడితే నాలుగో రోజు ఎండకు ఊడతాయి. మధ్యలో ఉన్న రంధ్రమే వాడుకోవాలి. కూల్‌డ్రింక్ సీసా ప్లాస్టిక్ మూతకు కాల్చిన మేకుతో రెండు చిల్లులు పెట్టి, సన్నటి జీఐ తీగ దూర్చి, ఆ తీగను సీడీ రంధ్రంలోంచి వెనక మెష్‌కు మెలిపెట్టండి. మూత రంధ్రం కంటే పెద్దది కాబట్టి సీడీ కదలదు. మరీ బిగిస్తే పగులుతుంది, వేలితో తడితే కాస్త కదిలేంత చాలు. మూతలకు నల్లరంగు వేశాం. మొదట వాటిని ఎట్లా దాచాలా అని చూశాం. అన్నీ కట్టాక దూరం నుంచి చూస్తే వందల కంటిపాపల్లా ఉన్నాయి, అట్లాగే వదిలేశాం.

కింది వరస నుంచి పైకి కట్టండి, ఇంటి పెంకులు పరిచినట్టు. పై వరస కింది దాని మీదికి రావాలి, ఒక వరసకూ ఇంకో వరసకూ సగం జరగాలి. మెరిసే వైపు ముందుకు. వెనక్కి వెళ్ళి చూసినవాళ్ళకు మార్కరుతో రాసిన వంకర అక్షరాలు కనిపిస్తాయి: "ఫైటింగ్ సాంగ్స్ మిక్స్", "పార్ట్-2", "గీతలు పడింది, వెయ్యొద్దు". ముందువైపు కంటే అక్కడే ఎక్కువసేపు నిలబడ్డారు జనం.

ఇప్పుడు ఆ నాలుగంగుళాల వాలు సంగతి. నిలువుగా పెట్టిన సీడీలు ఉదయపు ఎండను నేరుగా రోడ్డు మీదికి కొడతాయి. మొదటిసారి బైకు మీద వెళ్తున్న ఒకాయన ఆగి మరీ తిట్టాడు. తిట్టాల్సిందే. ముందుకు వాలితే ఆ వెలుగు దగ్గర్లోనే నేల మీద పడి, ఇంద్రధనుస్సు ముక్కలు చల్లినట్టుంటుంది. ఆగ్నేయం వైపు తిప్పి పెడితే ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా మెరుస్తుంది. పెట్టాక సూర్యోదయం వేళ ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి మీరే రోడ్డు మీద బండి నడిపి చూడండి.

## 8. గాలి లెక్క, బరువులు

గంటకు 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 25 కిలోల బలంతో తోస్తుంది. మన అద్దాలు, ఫ్రేము కలిపి మూడు చదరపు మీటర్ల పైమాటే. ఆకారాన్ని బట్టి పెరిగేది కూడా కలిపితే 100 కిలోల తోపు అనుకోండి. శిల్పం బరువు చూస్తే మొత్తం 90 కిలోలు. అంటే ఏమీ కట్టకుండా వదిలేస్తే నేల మీద జారిపోతుంది.

సిమెంటు నేల అయితే 150 కిలోల బరువు పెట్టాలి. సగం నింపిన సిమెంటు సంచి ఇసుక దాదాపు 25 కిలోలు, అట్లాంటివి ఆరు. ఒక్కో కాడ చివర ఒకటి, ఒక్కో అద్దం కింద రెండు. కాడ చివర్ల సంచులు అన్నిటికంటే ముఖ్యం. వెనక నుంచి గాలి వస్తే ముందుకు బోర్లా పడకుండా ఆపేవి అవే. ఒంగోలు వైపు వాళ్ళకు ఇంకా మంచి దారి ఉంది: చీమకుర్తి గ్రానైట్ తుక్కు. అడుగు చదరం, మూడంగుళాల మందం ముక్క 20 కిలోలు తూగుతుంది, సంచిలా చిరగదు, తడిసినా పాడవదు.

మట్టి నేల అయితే 16 మి.మీ. కమ్మీలు రెండడుగులవి నాలుగు మూలలా ఏటవాలుగా దిగ్గొట్టి ఫ్రేముకు కట్టండి. పైకి పొడుచుకొచ్చే చివర్లకు టెన్నిస్ బంతి తొడగండి. కాడ చివర్ల సంచులు ఇక్కడా ఉండాల్సిందే.

ఈ లెక్కలన్నీ మామూలు ఈదురుగాలికే. తుపాను హెచ్చరిక వస్తే అదనంగా తాళ్ళు కట్టే ఆలోచన పెట్టుకోకండి, విప్పేయండి. ఆరు ముక్కలు విప్పడానికి ఇద్దరికి గంట చాలు.

## 9. నిలబెట్టే రోజు

తెల్లవారుజామునే మొదలుపెట్టండి, గాలి తక్కువ ఉంటుంది. ముందు కాడల వెనక ముక్కలు నేల మీద పరిచి, ముందు ముక్కలు దూర్చండి. తర్వాత కుడి అద్దం కుడి కాడకు, ఎడమది ఎడమకు. ముక్కు బోల్టులు ఆఖరున. అన్నీ వేళ్ళతో తిప్పి వదులుగా ఉంచి, మొత్తం నిలబడ్డాకే స్పానరు పట్టండి. ముందే బిగిస్తే చివరి బోల్టు రంధ్రంలోకి దిగదు. రంధ్రాన్ని పెద్దది చేద్దామని ఎవరో డ్రిల్లు తీస్తారు, ఆపండి, నాలుగు బోల్టులు వదులు చేస్తే అదే దిగుతుంది.

లైట్లు శిల్పం మీద కట్టకండి. ఇనుప వస్తువుకు కరెంటు తగిలితే, ముట్టుకున్నవాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. ఆరడుగుల దూరంలో నేల మీద రెండు ఫోకస్ లైట్లు చాలు. లైనుకు 30 మిల్లీయాంప్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి, శిల్పానికి ఎర్తింగ్ ఉండాలి.

జనాన్ని వదిలే ముందు:

- ప్రతి బోల్టూ చేత్తో తడిమి చూశారా?
- ఫ్రేము అంచుల మీద పాత గుడ్డ నిమిరితే ఎక్కడైనా దారం చిక్కుకుందా? చిక్కుకుంటే అక్కడ గరుకు కాగితం పట్టండి
- పిల్లల ఎత్తులో ఉన్న సీడీలు ఒక్కోటీ లాగి చూశారా?
- ఇద్దరు కాడ మీద కూర్చుంటే ముందు భాగం కదులుతోందా?
- మెష్‌కు మెలిపెట్టిన తీగల కొసలు లోపలికి వంచారా?

చివరిది చిన్న విషయంలా ఉంటుంది. మూడు వందలకు పైగా తీగ కొసలు, వెనక చదవడానికి ముఖం దగ్గరగా పెట్టే జనం. మేం అన్నిటినీ వంచి, పైన సిలికాన్ చుక్క పెట్టాం.

## 10. రోజువారీ చూపు, విప్పడం

రోజూ పొద్దున్నే పది నిమిషాలు: పగిలిన సీడీలు మార్చడం, బోల్టులు, సంచులు. పొడిగుడ్డతో సీడీ తుడిస్తే దుమ్ముకు గీతలు పడతాయి. నీళ్ళు చల్లి మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. అదనపు సీడీలు నలభై, తీగ, కటింగ్ ప్లేయరు కాపలా ఆయన దగ్గర ఉంచితే మీరు రాకముందే ఆయనే కట్టేస్తాడు. మా దగ్గర కాపలా అన్న రెండో వారానికి, ఏ సీడీ వెనక ఏం రాసుందో వచ్చినవాళ్ళకు చూపించడం మొదలుపెట్టాడు.

విప్పేటప్పుడు నిలబెట్టిన క్రమానికి సరిగ్గా తలకిందులు: ముక్కు, అద్దాలు, కాడలు. తీసిన బోల్టులన్నీ ఒక డబ్బాలో వేయకండి. ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోనే వెనక్కి దూర్చి నట్టు రెండు చుట్లు తిప్పి వదలండి. ముక్కలకు "కుడి-1", "కుడి-2" అని లోపలివైపు పెయింటుతో రాయండి, సుద్దముక్కతో కాదు. సీడీలున్న ముక్కలను బండిలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో పాత దుప్పటి పెట్టి కట్టండి.